వలస వచ్చినవాని మొదటి పాఠము

పుట్టినచోటనే పెరిగి, అచటనే కన్నుమూయుట అందరికీ లభించే భాగ్యము కాదు. కరవు తరిమినది, రాజు తరిమినాడు, మతము తరిమినది, ఆశ పిలిచినది. కారణమేదైనను, మూట నెత్తిన పెట్టుకొని మరొక నేలకు నడచిపోయినవారి కథయే లోకచరిత్రలో సగము. అట్లు వచ్చినవానిని ఆ నేల ఎట్లు ఆదరించినదన్న ప్రశ్న తరచుగా వినబడుచుండును. వచ్చినవాడు ఆ నేలను, ఆ నేలమీది మనుష్యులను ఎట్లు ఆదరించినాడన్న ప్రశ్న అరుదు. నేనిచట వేయదలచినది ఈ రెండవ ప్రశ్న.

దీనికి ప్రేరణము ఒక విద్యార్థి. కెరమెరి ఘాటుకు ఆవల గూడెమునుండి ఆసిఫాబాదుకు వచ్చి చదువుకొనుచున్న గోండు బాలుడు. అమెరికా వలసలనుగూర్చి చరిత్ర తరగతిలో విని వచ్చి, నా తెలుగు తరగతి ముగిసిన పిమ్మట తలుపువద్ద నిలబడి అడిగినాడు: “సార్, గా ఓడల వచ్చినోళ్లు అక్కడోళ్ల భాష నేర్చుకున్నరా?” పాఠములో ఓడ పేరున్నది, దిగిన సంవత్సరమున్నది, దిగినవారి కష్టములున్నవి. ఈ ప్రశ్నకు సమాధానము మాత్రము లేదు. ఆనాడు నావద్దను లేదు. “చదివి చెప్పెదను” అని పంపివేసినాను. చదివినకొలది అది అమెరికా కథగా మిగులక మన ఆసిఫాబాదు కథయై, తుదకు నా కథయై కూర్చున్నది. అందుచేత ఆ బాలునితోబాటు తోటి ఉపాధ్యాయులకును చెప్పుకొనవలసివచ్చినది.

ముందుగా ఆ ఓడవారి సంగతి. ఇంగ్లండు దేశపు క్రైస్తవ మతవ్యవస్థలో ఆడంబరము పెరిగినదనియు, దానిని పరిశుద్ధము చేయవలెననియు పట్టుబట్టినవారిని ప్యూరిటన్లు అన్నారు. వారిలో కొందరు ఇక ఆ వ్యవస్థతో పొత్తే వలదని విడిపోయి, మొదట హాలెండునకు, అచటినుండి 1620లో మేఫ్లవర్ అను ఓడలో అమెరికాకు పయనమైనారు. ఓడలో ప్రయాణికులు 102 మంది. అందరును ఆ మతమువారు కారు. శీతకాలము ముంచుకొనివచ్చిన వేళ ప్లిమత్ అను తావున స్థిరపడినారు. వసంతము వచ్చుసరికి వారిలో సగముమంది మట్టిలో కలిసినారు. తరువాత ముప్పది యేండ్లకు పైగా ఆ వలసకు పెద్దదిక్కైన విలియం బ్రాడ్‌ఫర్డు భార్య, ఓడ రేవులో ఉండగానే నీటబడి మరణించినది. ఆయన ఆ దుఃఖమును దిగమింగుకొని, వలస చరిత్రను స్వయముగా వ్రాసినాడు. ఆ గ్రంథపు వ్రాతప్రతి కాలక్రమమున కనుమరుగై, లండనులో ఒక గ్రంథాలయమున బయటపడి, 1856లో గాని సమగ్రముగా అచ్చుకు రాలేదు.

ఆ సగముమందిని బ్రతికించినది ఎవరు? టిస్క్వాంటం అను ఒక స్థానికుడు. వలసవారు ఇండ్లు కట్టుకొన్న నేల ఆయన పుట్టిన ఊరే; దానిపేరు పటుక్సెట్. 1614లో ఒక ఆంగ్ల నావికుడు ఆయనను మోసముతో ఓడనెక్కించి, స్పెయిన్ దేశమున బానిసగా అమ్మజూచినాడు. ఎట్లో బయటపడి, లండను చేరి, అచట ఆంగ్లము నేర్చి, 1619లో ఇల్లు చేరుసరికి ఊరు లేదు. బయటి ఓడలతో వచ్చిన మహమ్మారి ఊరినంతను తుడిచిపెట్టినది. అట్టివాడు, తనవారి సమాధులమీద పొయ్యి వెలిగించుకొన్న క్రొత్తవారికి మొక్కజొన్న నాటుట నేర్పినాడు. మొక్క మొదట చేపను ఎరువుగా పాతుట చూపినాడు. ఆ ప్రాంతపు నాయకుడైన మసాసోయిట్‌తో 1621లో వారికి సంధి కుదురుటకు నడుమ నిలిచి మాట మార్చి చెప్పినవాడును ఆయనయే.

ఇచట ఒక విషయము గమనింపదగినది. మొదట భాష నేర్చినవాడు అతిథి కాడు, గృహస్థు. అదియును ఇష్టముతో నేర్చినది కాదు, చెరలో నేర్చినది. ఆ విద్యార్థి ప్రశ్నకు ఇది మొదటి సమాధానము.

ప్యూరిటన్లను నిందించి ఊరకుండుట నా ఉద్దేశము కాదు. మన వృత్తిలోనివారు వారికి నమస్కరింపవలసిన విషయములు కొన్ని ఉన్నవి. 1630లో జాన్ వింత్రోప్ నాయకత్వమున పెద్ద గుంపు వచ్చి మసాచుసెట్స్ వలసను స్థాపించినది. ఆరేండ్లకే, 1636లో, వారు ఒక కళాశాలకు ద్రవ్యము కేటాయించినారు. నేటి హార్వర్డు విశ్వవిద్యాలయము అదియే. 1647లో వారు చేసిన శాసనము ప్రకారము ఏబది కుటుంబములున్న ప్రతి ఊరును పిల్లలకు చదువు చెప్పుటకు ఒక ఉపాధ్యాయుని పెట్టుకొనవలెను. అడవిని నరికి గింజలు చల్లుకొనుచున్న కాలములోనే బడినిగూర్చి ఆలోచించిన సమాజమది. పొదుపు, శ్రమ, అక్షరమునందు గౌరవము - ఈ గుణములను కాదనువాడు కృతఘ్నుడు.

కాని ఆ సద్గుణములన్నియు ఒక గీత దాటలేదు. ఆ గీత నేల. వింత్రోప్ వాదము క్లుప్తముగా ఇది: ఇచటివారు భూమికి కంచె వేయరు, స్థిరనివాసములు కట్టుకొనరు, వారు దున్నుకొన్నంత మేర వారిది, తక్కినది ఎవ్వరిదియు కానట్టిది, కనుక వచ్చినవారు తీసికొనవచ్చును. చూచుటకు ఎంత న్యాయముగా కనిపించును! వేటాడు అడవియు, చేపలు పట్టు వాగును, కొన్నియేండ్లు సేద్యము చేసి మరల పచ్చబడుటకు విడిచిన చేనును గూడ బ్రతుకుతెరువే అన్న జ్ఞానము ఆ వాదములో లేదు. ఆ జ్ఞానము రావలెనన్న, ఆ అడవికి ఆ భాషలో ఎన్ని పేర్లున్నవో వినవలెను. వినుటకు భాష రావలెను.

భాష నేర్చి విన్నవాడు వారిలోనే ఒకడు పుట్టినాడు. ఆయన రోజర్ విలియమ్స్. లండనులో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివి, 1631లో బోస్టను చేరినాడు. మతనిష్ఠలో తోటివారికంటె ఒక మెట్టు పైనున్నవాడే. కాని ఇతరుల అంతరాత్మమీద ప్రభుత్వమునకు అధికారము లేదన్నాడు. అంతకంటె కటువైన మాట ఇంకొకటి అన్నాడు: ఇంగ్లండు రాజు తనది కాని నేలను దానము చేయజాలడు, ఉన్నవారివద్ద న్యాయముగా పొందినదే మన నేల అని. పట్టా చేతబట్టుకొని వచ్చినవారిమధ్య నిలబడి పట్టాయే చెల్లదన్నవానిని ఎవరు సహింతురు? 1635లో న్యాయసభ ఆయనకు బహిష్కారము విధించినది. 1636 జనవరిలో, మంచు కురియుచుండగా, ఇల్లు విడిచి అడవులలోనికి పోయినాడు. ఆ శీతకాలమున ఆయనకు ఆశ్రయమిచ్చినది స్థానిక తెగలే. ఆ యేడే నారగాన్సెట్ తెగ నాయకులవద్ద నేలను పొంది ప్రావిడెన్స్ అను ఊరు కట్టినాడు. ధనముతో కొన్న నేల కాదు, స్నేహముతో లభించిన నేల అని ఆయనయే తరువాత వ్రాసికొన్నాడు.

1643లో లండనుకు పోవుచు ఓడలో ఆయన ఒక పుస్తకము వ్రాసినాడు. నారగాన్సెట్ భాషకు అది తాళపుచెవి వంటి గ్రంథము. అందులో ముప్పదిరెండు అధ్యాయములు. మొదటిది పలకరింపులనుగూర్చి, రెండవది భోజనము, ఆతిథ్యములనుగూర్చి, మూడవది నిద్రనుగూర్చి. ఈ క్రమమును చూడుడు. వ్యాకరణ సూత్రములతో మొదలుపెట్టలేదు, బేరసారములతో మొదలుపెట్టలేదు, మతబోధతోను మొదలుపెట్టలేదు. ఒకని గడపలో అడుగుపెట్టిన అతిథికి ఏ మాటలు ముందుగా కావలెనో వానితో మొదలుపెట్టినాడు. ఉపాధ్యాయుడైనవాడు ఈ ఒక్క క్రమమును జ్ఞాపకముంచుకొన్న చాలును.

ఇక మన కొండలకు వత్తము. కెరమెరి, జోడేఘాట్, జైనూరు ప్రాంతముల అడవులలో గోండులు, కోలాములు తరతరములుగా సేద్యము చేసికొని బ్రతికినవారు. నిజాం కాలమున అడవికి హద్దురాళ్లు నాటినప్పుడు, వారి చేలు రికార్డులలో ఎచటను కనబడలేదు. పట్టా లేదు కనుక అది సర్కారు అడవి. సర్కారు అడవి కనుక దున్నినవాడు దొంగ. జంగ్లాతువారు పంటలను పాడుచేసినారు, గూడెములను ఖాళీ చేయించినారు. బయటినుండి వచ్చినవారు కచేరీ భాష తెలిసినవారగుటచేత పట్టాలు పొందినారు. వింత్రోప్ వాదమును మన పట్వారి ఎన్నడును చదివియుండడు. అయినను మూడువందల యేండ్ల తరువాత, సముద్రములకు ఇవతల, అదే వాదము అదే పని చేసినది. కంచె లేనిచోట మనిషి లేడనుటకు పుస్తకము అక్కరలేదు; భాష రాకుండిన చాలును.

ఆ అన్యాయమునకు ఎదురు నిలిచినవాడు కుమ్రం భీం. ఆసిఫాబాదు సమీపమున సంకెపల్లిలో పుట్టి, జోడేఘాట్ కేంద్రముగా పండ్రెండు గూడెముల నేలకై పోరాడి, 1940లో ఆ కొండమీదనే సర్కారు తుపాకులకు బలియైనాడు. 2016లో ఏర్పడిన మన జిల్లా నేడు ఆయన పేరు ధరించియున్నది. ప్రతియేట ఆశ్వయుజ పౌర్ణమినాడు జోడేఘాటులో జనము కూడుదురు. ఆయనను స్మరించుట సులభమే. ఆయన మాటలాడిన భాషను మన బడిలో ఎన్ని మాటలు విన్నామన్నది వేరు ప్రశ్న.

భీం మరణానంతరము నిజాం సర్కారు, తిరుగుబాటుకు మూలమేమో తెలిసికొని రమ్మని ఒక విదేశీయుని పంపినది. ఆయన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నా నగరమున పుట్టిన మానవశాస్త్రవేత్త. 1938లో ఆస్ట్రియాను జర్మనీ కలుపుకొన్నందున ఆయనచేత జర్మను పాస్‌పోర్టు ఉండినది. మరుసటి యేట యుద్ధము వచ్చుసరికి హిందూదేశములోనున్న ఆయన బ్రిటిషువారి దృష్టిలో శత్రుదేశీయుడైనాడు. హైదరాబాదు సంస్థానము దాటిపోరాదన్న నిర్బంధమున్నది. చెరవంటి ఆ నిర్బంధమును ఆయన పాఠశాలగా మార్చుకొన్నాడు. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో గూడ మొదట నల్లమలలో చెంచులమధ్య, పిదప గోదావరి కొండలలో రెడ్లమధ్య, 1941నుండి ఆదిలాబాదు గోండులమధ్య నివసించినాడు. జైనూరుకు చేరువనున్న మార్లవాయి గూడెములో గోండుల ఇండ్లవంటి ఇంటిలోనే కాపురము పెట్టినారు. గోండీ నేర్చినారు.

నేర్చినందువలన ఏమైనది? అడవి రికార్డులో కనబడని చేలు ఆయన చెవికి వినబడినవి. సర్కారుకు నివేదికలు పోయినవి. ఆ కృషిఫలితముగా ఆదిలాబాదు గిరిజనులకు లక్ష ఎకరములకు మించిన భూమి పట్టాలతో చేరినది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము మొదలైనది. కొద్దిపాటి అక్షరజ్ఞానమున్న గోండు యువకులనే ఎన్నుకొని, వారినే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్ది గూడెములకు పంపినారు. ఆనాడీ ప్రాంతమున మరాఠీ వాడుక ఎక్కువ గనుక, వాచకములు దేవనాగరి లిపిలో, గోండీ భాషలో అచ్చైనవి. పిల్లవాడు మొదటిరోజు బడిలో తన తల్లి మాటను పుస్తకములో చూచినాడు. సంస్థాన ఉద్యోగులలో సేతుమాధవరావు పగ్డీ వంటివారు గోండీ, కోలామీ భాషలకు వ్యాకరణములు గూడ వ్రాసినారు. అధికారి తలచుకొన్న నేర్చుకొనగలడనుటకు అదియొక నిదర్శనము.

బెట్టీ ఎలిజబెత్ 1987లో హైదరాబాదులో కన్నుమూసినది. ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసినారు. 1995లో లండనులో మరణించిన హైమన్‌డార్ఫ్ అస్థికలు సైతము తరువాత అచటికే చేరి, ఆమె సమాధి ప్రక్కన నిలిచినవి. ప్రతి జనవరిలో గూడెమువారు వారిని తలచుకొందురు. గుస్సాడీ నృత్యమునకు దేశఖ్యాతి తెచ్చి 2021లో పద్మశ్రీ పొందిన కనకరాజు పుట్టిపెరిగిన గూడెమును అదియే. పరదేశమునుండి వచ్చినవాడు తుదకు తన ఎముకలకు ఏ ఊరు చాలునని కోరినాడో, ఆ ఊరు వానిని నిజముగా తనవానిగా చేర్చుకొన్నదని అర్థము.

ఇచట విజ్ఞులు రెండు ఆక్షేపణలు చేయవచ్చును. మొదటిది: విలియమ్స్ వలసదారుడు, హైమన్‌డార్ఫ్ సర్కారు పంపిన పండితుడు, ఇద్దరిని ఒక త్రాట కట్టుట సమంజసమా? నిజమే, ఇద్దరి స్థితులు వేరు. ఒకడు నేల కోరి వచ్చినవాడు. రెండవవాడు నేల కోరలేదు, అధికారము అండతో వచ్చినవాడు. అయినను ఒక గడప ముందు ఇద్దరును పరాయివారుగానే నిలబడినారు. ఇద్దరును మొదట నాలుకను మార్చుకొన్నారు. నేను పోల్చునది అంతమేరకే.

రెండవ ఆక్షేపణ బరువైనది. భాష నేర్చినంతమాత్రమున అన్యాయము ఆగినదా? ఆగలేదు. ఇది దాచరాదు. 1675లో మసాసోయిట్ కుమారుడైన మెటకామెట్ వలసవారిపై యుద్ధమునకు లేచినాడు. తండ్రి సంధి చేసికొన్న ఏబదినాలుగేండ్లకు కొడుకు కత్తి పట్టవలసివచ్చినది. 1676లో ప్రావిడెన్స్ తగులబడినది. విలియమ్స్ ఇల్లును బూడిదయైనది. డెబ్బది దాటిన వయస్సులో ఆయన తన ఊరి పక్షమున ఆయుధము పట్టినాడు. యుద్ధము ముగిసిన తరువాత, చెరపట్టిన స్థానికులను దాస్యమునకు పంచి అమ్మిన ఊరిసంఘములో ఆయన సంతకమును ఉన్నది. తాళపుచెవి చేసినవాడే తుదకు తలుపు మూసినవారిలో ఒకడైనాడు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మంచివాని మంచితనము ఒక్కనితోనే ఉండి, వెనుక వ్యవస్థ మారకున్న, సంకటకాలమున అది ఎంత పలుచనిదో తెలియవచ్చినది.

మార్లవాయి కథయును సుఖాంతము కాదు. దారులు పడినవి, దారులవెంట వ్యాపారము, వ్యాపారమువెంట అప్పు, అప్పువెంట నేల చేతులు మారుట. 1976 తరువాత తిరిగివచ్చి చూచిన హైమన్‌డార్ఫ్, తాను పట్టాలిప్పించిన చేలలో ఎన్నో పరాయిచేతులలో ఉండుట గాంచి, 1982లో వెలువడిన గ్రంథమున ఆ దుఃస్థితిని వివరముగా వ్రాసినాడు. గిరిజన భూములను కాపాడు చట్టము 1963నుండి తెలంగాణమునకు వర్తించినను, 1970లో దానిని మరింత కట్టుదిట్టము చేసినను, కాగితముమీది కంచె చాలలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులపై కాల్పులు జరిగినవి. గోండీ వాచకములను సైతము కాలము మరుగునపెట్టినది. రాష్ట్రములు మారినవి, బోధనభాష మారినది, లిపి మారినది. మొదట గోండుపిల్లవాడు తన మాటలో చదివిన బడిలో, తరువాతి తరము వాడు మన తెలుగు వాచకముతో అక్షరాభ్యాసము చేసినాడు.

మన తెలుగు! ఇచటనే నా కథ వచ్చినది.

నేను మైదానపు పల్లెలో పుట్టి, ఉద్యోగరీత్యా ఈ పెద్దవాగు తీరమునకు వచ్చి, ఇచటనే తల నెరసినవాడను. నేను వలసవాడనన్న మాట చాలకాలము నాకే తోచలేదు. సొంత రాష్ట్రములో, సొంత భాషలో పాఠము చెప్పుకొనువాడు వలసవాడెట్లగును? ఉద్యోగములో చేరిన తొలినాళ్లలో ఒకసారి విద్యార్థులకు సెలవులనుగూర్చి వ్యాసము వ్రాయుమన్నాను. ఒక గోండు విద్యార్థి రెండు పుటలు నిండ వ్రాసినాడు. అందులో ఒక వాక్యము: “అలసిపోయి ఇంటికి వచ్చి ఏరు తాగినాను.” ఎర్రసిరాతో గీత గీసి, తరగతిలో బిగ్గరగా చదివి, “అగస్త్యుడు సముద్రము త్రాగినట్లు నీవు ఏరంతయు త్రాగితివా?” అన్నాను. తరగతి గొల్లున నవ్వినది. నా చమత్కారమునకు నేనును మురిసితిని. ఆ విద్యార్థి ఆ తరువాత ఏ వ్యాసమును అరపుట దాటి వ్రాయలేదు. పరీక్షలకు సరిపడ వ్రాసి, మౌనముగా చదువు ముగించుకొని వెళ్లిపోయినాడు.

పెక్కేండ్ల తరువాత ఒక వేసవి మధ్యాహ్నము ఒక గూడెములో ఎండకు సొమ్మసిల్లి ఒక ఇంటి పంచన కూర్చున్నాను. ఆ ఇంటి ముసలితల్లి నా ముఖము చూచి లోపలికి కేకవేసినది. నాకు తెలిసిన ఒకేయొక్క మాట అందులో వినబడినది - “ఏర్”. లోపలినుండి కోడలు చెంబుతో మంచినీళ్లు తెచ్చినది. గోండీలో ఏర్ అనగా నీరు. ఆ చెంబు నోటికెత్తుకొనలేక చేతబట్టుకొని ఎంతసేపు కూర్చుంటినో నాకు తెలియదు. ఆ బాలుడు త్రాగినది నీరే. తప్పు వ్రాసినవాడు అతడు కాడు. తప్పు చదివినవాడను నేను. గోండీ మన తెలుగుతో ఒకే ద్రావిడ శాఖకు చెందిన భాష అని ఎం.ఏ.లో చదివి పరీక్షలో వ్రాసి మార్కులు పొందినవాడను. ఆ సోదరి భాష నా తరగతిలో నోరు తెరచినప్పుడు గుర్తుపట్టలేక పోయితిని.

ఈ సందర్భమున తెలుగువారమైన మనము మన గతమును కొంచెము జ్ఞాపకము చేసికొనవలెను. నిజాం సంస్థానమున రాజభాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలోనే. 1921లో హైదరాబాదున జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగింపబోగా సభికులు గేలిచేసి కూర్చుండబెట్టినారు. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. తెలంగాణమున కవులే లేరన్న మాటకు మనసు నొచ్చి సురవరం ప్రతాపరెడ్డిగారు 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించినారు. ఆ చరిత్రను మనము ప్రతి సంవత్సరము గర్వముతో చెప్పుదుము. మంచిదే. కాని నా తరగతిలో నవ్విన నవ్వునకును, 1921 నాటి సభలో నవ్విన నవ్వునకును భేదమేమి? ఆనాడు నవ్వినవారు అన్యభాషా గర్వితులని మనము తీర్పు చెప్పితిమి. నామీద ఆ తీర్పు చెప్పవలసినవారు ఎవరు?

కొందరు మిత్రులు అందురు: “గోండీతో ఉద్యోగము వచ్చునా? పిల్లవానికి తెలుగు, ఆంగ్లము చక్కగా నేర్పుటయే మేలు.” వారి మనసులోని శ్రేయస్సును నేను శంకింపను. గోండు తల్లిదండ్రులలోను పలువురి కోరిక అదియే. కాని నేనడుగునది తెలుగును తగ్గించుమని కాదు, తెలుగునకు మెట్టు కట్టుమని. తెలిసినదానినుండి తెలియనిదానికి నడిపింపుమని బోధనశాస్త్రములో మనమే చదువుకొన్నాము. ఏర్ తెలిసినవానికి నీరు నేర్పుట ఎంతసేపు? నార్ అనగా పల్లె అని నాకు తెలిసినచో, వానికి ఊరు అనిపించుట ఎంతసేపు? తెలియనిది వానికి కాదు, మనకు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వమును అడుగుదము: గూడెపు బడులలో తొలి తరగతులకు గోండీ, కోలామీ తెలిసిన ఉపాధ్యాయులను నియమించుమని, వారి పిల్లలకు వారి మాటలో వాచకములు నిలకడగా ఇమ్మని. విలియమ్స్ జీవితము నేర్పినది ఇదియే: ఒక్కని సద్బుద్ధి చాలదు, ఏర్పాటు కావలెను.

అయితే ఏర్పాటు వచ్చువరకు చేతులు ముడుచుకొనవలసిన పని లేదు. ఉపాధ్యాయుడు ఒక నోటుబుక్కు తెరచి, మొదటి మాసములో నూరు మాటలు వ్రాసికొనవచ్చును. వరుస మాత్రము ఆ తాళపుచెవి పుస్తకపు వరుసయే: పలకరింపు, అన్నము, నీరు, నిద్ర, ఆ తరువాత నొప్పి, జ్వరము, భయము. చెప్పువారు పిల్లలు, వ్రాసికొనువాడు ఉపాధ్యాయుడు. వారమునకొక గంట తరగతిలో స్థానములు మారిన, బడికి నష్టమేమియు లేదు. పిల్లవాని వ్యాసములో ఇంటిమాట కనబడినచో ఎర్రసిరా గీత మాని, ప్రక్కన తెలుగు మాటను వ్రాసిన, ఒకటికి రెండు మాటలగును.

కాలము మించలేదన్న ధైర్యముతోనే ఈ మాట చెప్పుచున్నాను. ప్లిమత్ ప్రాంతపు స్థానికుల భాషకు అంత భాగ్యము లేకపోయినది. మాటలాడువారు క్రమముగా అంతరించి, తరతరములు అది ఏ ఇంటను వినబడలేదు. 1663లో జాన్ ఎలియట్ అను ప్యూరిటన్ మతబోధకుడు, స్థానికుల సహాయముతో, ఆ భాషలో బైబిలును అచ్చొత్తించియుండినాడు. మూడువందల ముప్పది యేండ్ల తరువాత, 1993 ప్రాంతమున, ఆ జాతి స్త్రీయైన జెస్సీ లిటిల్ డో బేర్డ్ ఆ గ్రంథమును, పాత దస్తావేజులను ఆధారముగా గొని, పోయిన తన భాషను తిరిగి కూడగట్టుటకు పూనుకొన్నది. తన బిడ్డకును నేర్పినది. అంతటి భగీరథప్రయత్నము మనకు అక్కరలేదు. గోండీ మన కిటికీ బయట ఇప్పుడును మాటలాడుచున్నది. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామమున ఆ భాష వ్రాతప్రతులు తమ సొంత లిపిలో లభించినవి. 2018లో ఆ లిపికి అంతర్జాతీయ యూనికోడు ప్రమాణములో చోటు దక్కినది. మనము చేయవలసినదెల్ల వినుట.

మొన్న ఆ విద్యార్థి కనబడినాడు. వాని ప్రశ్నకు సమాధానము చెప్పినాను: “కొందరు నేర్చుకున్నారు నాయనా. ఎక్కువమంది నేర్చుకోలేదు. నేర్చుకోనందువల్ల ఏమైందో పుస్తకాలనిండా ఉన్నది.” వాడు కొంతసేపు ఆలోచించి, తల వంచుకొని, మెల్లగా అడిగినాడు: “మీరు నేర్చుకున్నరా సార్?”

జేబులోనుండి చిన్న నోటుబుక్కు తీసి వాని చేతికిచ్చినాను. మొదటి పుటలో మొదటి మాట ఏర్. వాడు చదివినాడు, నవ్వినాడు, నా కలము అడిగి తీసికొని మూడవ మాటలోని తప్పు దిద్దినాడు. ముప్పదియేండ్ల ఉద్యోగములో నా వ్రాతను ఒక విద్యార్థి దిద్దుట అదియే మొదటిసారి. ఉపాధ్యాయ మిత్రులారా, మీ బడిలోను అట్టి పిల్లవాడొకడు ఉండును. కలము వానిచేతికి ఒకసారి ఇచ్చి చూడుడు.